ఇరవై రెండో పని

తుడుపు కర్ర గోడకానించి రమ్మన్నారు.
"నీది తెలుగేనా?"
అవునంటి.
రాయచోటి తెలుగు వేరు, భీంగల్ తెలుగు వేరని
సులైబీఖాత్‌లో ఎవరికి చెప్పేది?
నాకొచ్చిన అరబీ అంతా వంటింటిది.
ఉల్లిగడ్డ, ఇస్త్రీ, తొందరగా, ఎక్కడ చచ్చినావు.
దాంతోనే దుబాసీనైనా.

కుర్చీలో లింబాద్రి.
మోచేయి దాటినాక జానెడు దూరం పోయి
ఆగిపోయింది కుడిచెయ్యి.
"సలాకలు వంచే మిషనక్కా.
అంతకుమించి అడగకు."
అడగలేదు.

డాక్టర్ నౌరా కాగితం తిప్పింది.
సున్నా నుంచి పది దాకా ఒక గీత.
నొప్పి ఎంత?
"నొప్పి కాదక్కా, సలుపుడు.
రాత్రయితె గుంజుడు.
పొద్దుగాల లేని బొటనవేలు దురద."
పోటు, తీపు, మంట, కలుక్కు, జివ్వుమనడం...
పంటికొక మాట, కాన్పుకొక మాట
మా అమ్మ దగ్గర మూటెడు ఉండేవి.
గీత మీద చుక్క ఒక్కటే పెట్టాల.
ఆరు, అంటి.
ఆ ఆరులో ఏమేం కుక్కినానో
ఆ పైవాడికే ఎరుక.

కొత్త చెయ్యి తెచ్చినారు. నల్లది.
మూసినప్పుడల్లా దోమలా గుయ్‌మంటాది.
ఇరవై ఒక్క పనుల జాబితా.
తాళంచెవి తిప్పు. గుండీ పెట్టు.
సీసాలో నీళ్లు గ్లాసులోకి వంపు.
గడియారం పట్టుకుని ఫిలిప్పీను పిల్ల జాస్లిన్.
బల్ల మీద నాణెం మూడుసార్లు జారింది.
నాలుగోసారి దాన్ని అంచు దాకా తోసి
కింద పడేలోపల పట్టినాడు.
"అట్లా చేయకూడదు" అంది జాస్లిన్.
"చేసినాడు కదా, రాయి" అంది డాక్టరు.

పన్నెండు వారాలు.
మంగళవారం మంగళవారం
ఫర్వానియా నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు,
ఆ చెయ్యిని ఇంటికియ్యరు గాబట్టి
ఖాళీ చొక్కాచేతిని పిన్నీసుతో మడిచి.

ఆఖరి పేజీ.
పనికి తిరిగి పోగలడా? అవును. కాదు.
కంపెనీ అప్పటికే టికెట్టు కొనేసింది,
ఒకవైపుది.
"ఏం పనికో అడుగక్కా" అన్నాడు.
అడిగినా. ఎవరూ పలకలేదు.

అప్పుడు ఎడమ జేబులోంచి తీసినాడు
చుట్ట చుట్టిన బైండింగు వైరు, వంకీ.
డాక్టరు పెన్సిళ్లు రెండు అడ్డదిడ్డంగా పేర్చి
"రోజుకు రెండు వేల ముడులు కట్టిన.
మీ లిస్టుల ఒక్క ముడన్న లేదు."
నేను చెప్పినా.
నా అరబీ అంత బాగా ఎప్పుడూ రాలేదు.

నల్లవేళ్లల్లో తీగ నిలవలేదు. జారింది. మళ్లీ జారింది.
అటూ ఇటూ చూసి
నా బకెట్టు మీదున్న పసుప్పచ్చ రబ్బరు తొడుగు
చూపించినాడు.
ఫినాయిల వాసనక్కా, పర్వాలేదు, తొడుగు.
తొడిగినా.
తీగ కరుచుకుంది.
ఎడమచేత్తో వంకీ రెండు తిప్పులు.
ముడి.

పందొమ్మిది సెకన్లు, అంది జాస్లిన్.
ఇంతకుముందు?
"నాలుగు" అన్నాడు,
తగ్గించి చెప్పినట్టు నాకనిపించింది.

డాక్టరు పెన్సిలు తిరిగి తీసుకోలేదు.
ముడి అట్లే ఉంచి, వేరే పెన్నుతో
జాబితా కింద ఒక గీత గీసి
22 అని రాసింది.
చేతులు పోయినోళ్లకు ఈ చెయ్యి నేర్పేటోడు కావాల,
ఇతన్నే పెట్టుకోమని పైకి ఉత్తరం రాస్తానంది.
జీతమెంతని నేనే అడిగినా.
అతను అడిగేదుంటే తల దించుకుంటాడు.

ఉత్తరం పోయింది.
అకామాకు ఇంకా పదకొండు రోజులు.
అవునులో గాని కాదులో గాని
ఇంతవరకు టిక్కు పడలేదు.

తొడుగు మాత్రం
అద్దాల బీరువాలో పెట్టినారు, నంబరు అంటించి.
స్టోరులో మళయాళీ ముసలాయన
రెండో తొడుగు ఎక్కడని కేకలు.
"దానికి ఉద్యోగమొచ్చింది" అంటి.
ఒంటిచేతి తొడుగుతోనే
కారిడారు తుడిచినా ఆ పూట.